మారువేషం కాదు, మారుమనస్సు!

రోడ్డు పక్క గోడల మీద, కొండరాళ్ల మీద, సువార్త కరపత్రాల మీద తరచూ కనబడే ఇంగ్లిష్ మాట ‘రిపెంట్’. మన తెలుగు బైబిల్లో దానికి ‘మారుమనస్సు’ అని ఉంది. బాప్తిస్మమిచ్చే యోహాను యూదయ అరణ్యంలో చేసిన ప్రసంగం ఆ మాటతోనే మొదలైంది (మత్తయి 3:2). యేసుప్రభువు గలిలయలో పరిచర్య ఆరంభించింది కూడా ఆ మాటతోనే (మత్తయి 4:17). పెంతెకోస్తు దినాన ‘మేమేం చేయాలి?’ అని జనం అడిగితే పేతురు చెప్పిన జవాబులో మొదటి మాట కూడా అదే (అపొ.కా. 2:38).

ఇంత ముఖ్యమైన మాట కాబట్టి దాని అర్థం మనకు బాగా తెలుసనే అనుకుంటాం. కానీ ఆదివారం ఆరాధన ముగించుకుని బయటికొస్తున్న పదిమందిని ఆపి, ‘మారుమనస్సు అంటే ఏమిటి?’ అని అడిగి చూడండి. చేసిన పాపానికి ఏడవడమని కొందరంటారు. ఉపవాసం ఉండి, కానుక సమర్పించి దేవుని కోపం చల్లార్చడమని మరికొందరంటారు. తాగుడు, చుట్ట, సినిమాలు మానేయడమని ఇంకొందరంటారు. ప్రతి జవాబులోనూ ఎంతో కొంత నిజముంది. కానీ ఏదీ ఆ మాటకు పూర్తి అర్థం కాదు.

అర్థం కాస్త పక్కకు జరిగితే వచ్చే నష్టమేమిటి అంటారా? నష్టం చిన్నది కాదు. మూడు రోజుల ఉజ్జీవ కూటాల్లో ఆఖరి రాత్రి వెక్కివెక్కి ఏడ్చి ముందుకొచ్చిన పెద్దమనిషి, తెల్లారి తన పొలంలో కోతకోసిన వాళ్ల కూలి ఎగ్గొట్టినా తనకు మారుమనస్సు కలిగిందనే నమ్ముతాడు. మరోవైపు, ఇరవై ఏళ్ల కిందటి పాపాన్ని తలచుకుంటూ, ఇంకా ఎంత ఏడిస్తే దేవుడు క్షమిస్తాడోనని రాత్రిళ్లు నిద్రపట్టని తల్లి ఉంటుంది. ఒకరు కన్నీళ్లుంటే చాలనుకుంటున్నారు. మరొకరు ఎన్ని కన్నీళ్లూ చాలవనుకుంటున్నారు. చూడటానికి వేర్వేరుగా ఉన్నా ఇద్దరిదీ ఒకటే పొరపాటు. ఇద్దరూ కన్నీళ్లనే లెక్కపెడుతున్నారు! అందుకే ఈ మాట ఎక్కడ పుట్టి, ఏ దారుల్లో నడిచి మన దాకా వచ్చిందో ఒకసారి తెలుసుకోవడం మంచిది.

‘రిపెంట్’ నడిచిన దారి

ఇంగ్లిష్ ‘రిపెంట్’కు మూలం లాటిన్ భాషలోని ‘పేనితేరే’ అనే క్రియ. చేసినదానికి చింత కలగడం, నొచ్చుకోవడం దాని అర్థం. అందులోంచి పాత ఫ్రెంచి భాషలో ‘రెపాంతిర్’ పుట్టింది. అక్కడి నుంచి దాదాపు 1300 ప్రాంతంలో ఇంగ్లిష్‌లోకి ‘రిపెంట్’ వచ్చింది. అంటే పుట్టుకను బట్టి చూస్తే అది బాధకు సంబంధించిన మాట. దానికి తోబుట్టువులు కూడా ఉన్నాయి. ప్రాయశ్చిత్తానికి ఇంగ్లిష్‌లో వాడే ‘పెనన్స్’ ఆ కుటుంబానిదే. అమెరికాలో పెద్ద జైళ్లను ‘పెనిటెన్షియరీ’ అంటారు. అదీ ఆ కుటుంబానిదే! తప్పుచేసినవాడు నాలుగు గోడల మధ్య కూర్చుని చింతించే చోటన్నమాట.

నాలుగో శతాబ్దం చివర్లో జెరోమ్ అనే గొప్ప పండితుడు సువార్తల లాటిన్ అనువాదాన్ని సరిదిద్దాడు. ‘వుల్గేట్’ అని పేరుపొందిన ఆ లాటిన్ బైబిల్ వెయ్యేళ్లకు పైగా పశ్చిమ ఐరోపా సంఘాన్ని ఏలింది. అందులో మత్తయి 3:2 దగ్గర ‘పేనితెన్షియం ఆగితే’ అని ఉంటుంది. తొలి రోజుల్లో ‘మీ పాపాలకు చింతించి మారండి’ అన్న భావంతోనే జనం దాన్ని విని ఉండవచ్చు. కానీ శతాబ్దాలు గడిచేకొద్దీ, గురువు ఎదుట పాపం ఒప్పుకుని ఆయన విధించిన క్రియలు నెరవేర్చే సంఘ పద్ధతికి ఆ మాటే పేరైపోయింది. శిక్ష అని అర్థమిచ్చే మరో లాటిన్ మాట పోలిక కూడా దానికి తోడైంది. దాంతో ‘మారండి’ అన్న ప్రభువు పిలుపు సామాన్యుడి చెవికి ‘ప్రాయశ్చిత్తం చేయండి’ అని వినబడసాగింది. 1380లలో జాన్ విక్లిఫ్, ఆయన అనుచరులు లాటిన్ నుంచి ఇంగ్లిష్‌లోకి బైబిల్‌ను తెచ్చినప్పుడు కూడా ఆ చోట ప్రాయశ్చిత్తం అన్న అర్థమే దిగింది.

పదిహేనో శతాబ్దంలో లోరెంజో వల్లా అనే ఇటలీ పండితుడు గ్రీకు మూలంతో లాటిన్‌ను పోల్చి చూసి ఈ తేడాను ఎత్తిచూపాడు. 1516లో ఎరాస్మస్ గ్రీకు కొత్త నిబంధనను అచ్చువేసి, దాని పక్కనే తన సొంత లాటిన్ అనువాదాన్ని ఇచ్చాడు. అందులో ఆ పాత పదబంధాన్ని వదిలిపెట్టాడు. ఆ మరుసటి ఏడాది, 1517 అక్టోబర్ 31న, మార్టిన్ లూథర్ తన 95 సిద్ధాంతాలను ప్రకటించాడు. వాటిలో మొట్టమొదటిది ఈ మాట గురించే! మారుమనస్సు ఒక రోజు తంతు కాదనీ, విశ్వాసి జీవితకాలమంతా సాగవలసినదనీ దాని సారాంశం. సంస్కరణోద్యమం పాపక్షమాపణ పత్రాల అమ్మకం మీద మొదలైందని చదువుకున్నాం. నిజమే. కానీ ఆ అమ్మకానికి వెనక ఉన్నది ఒక మాటకు చెప్పుకున్న అర్థం. ‘ప్రాయశ్చిత్తం చేయండి’ అన్నదే ప్రభువు పిలుపైతే, ఆ ప్రాయశ్చిత్తాన్ని డబ్బుతో తగ్గించుకునే దారి ఎవరో ఒకరు తెరుస్తారు. ‘మారండి’ అన్నది పిలుపైతే దాన్ని ఎవరూ అమ్మలేరు, ఎవరూ కొనలేరు.

1526లో విలియం టిండేల్ గ్రీకు నుంచి నేరుగా కొత్త నిబంధనను ఇంగ్లిష్‌లోకి తెచ్చి, ఇక్కడ ‘రిపెంట్’ అని రాశాడు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ కూడా దాన్నే తీసుకుంది. ప్రాయశ్చిత్తం పోయింది, మంచిదే. కానీ ‘రిపెంట్’ కడుపులో ఆ పాత లాటిన్ బాధ మాత్రం మిగిలిపోయింది.

గ్రీకు, హెబ్రీ భాషల సాక్ష్యం

మరి సువార్తికులు రాసిన గ్రీకు మాట ఏమిటి? ‘మెటానోయియా’. ఇందులో ‘మెటా’ మార్పును, ‘నూస్’ మనసును సూచిస్తాయి. ఆలోచించే తీరు, బతుకును చూసే చూపు మారిపోవడం దీని అర్థం. కొత్త నిబంధనలో దీనికి దగ్గరగా ఉండే మరో మాట కూడా ఉంది. అది ‘మెటామెలోమాయి’. చేసినదాని గురించి లోపల మథనపడటం. ప్రభువును అప్పగించిన యూదా గురించి మత్తయి ఈ రెండో మాటే వాడాడు (27:3). కింగ్ జేమ్స్ బైబిల్ రెంటికీ ‘రిపెంట్’ అనే రాయడంతో ఇంగ్లిష్ చదువరికి తేడా తెలియకుండా పోయింది. మన తెలుగు బైబిల్ మాత్రం యూదా దగ్గర ‘పశ్చాత్తాపపడి’ అని రాసి ఆ తేడాను కాపాడింది!

పేతురు, యూదాల కథలు పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరూ ఒకే రాత్రి ప్రభువు విషయంలో తప్పిపోయారు. ఇద్దరూ కుమిలిపోయారు. నిజానికి యూదా ఒక మెట్టు పైనే ఉన్నట్టు కనబడతాడు. తాను పాపం చేశానని నోటితో ఒప్పుకున్నాడు, ముప్పై వెండి నాణేలు తిరిగి ఇచ్చేశాడు. కానీ ఎవరి దగ్గరికి వెళ్లాడు? ప్రధాన యాజకుల దగ్గరికి. అది నీ గొడవ అని వాళ్లు చేతులు దులుపుకున్నారు. అక్కడి నుంచి అతడు చీకట్లోకి, ఒంటరితనంలోకి, నాశనంలోకి వెళ్లిపోయాడు. పేతురు కూడా వెలుపలికి వెళ్లి సంతాపపడి ఏడ్చాడు (లూకా 22:62). కానీ శిష్యుల గుంపును విడిచిపెట్టలేదు. ఆ తరువాత తిబెరియ సముద్రం ఒడ్డున ఉన్నది ప్రభువేనని తెలియగానే, దోనె ఒడ్డుకు చేరేదాకా ఆగలేక నీళ్లలోకి దూకేశాడు (యోహాను 21:7). ఇద్దరి కన్నీళ్లలో ఎవరివి ఎక్కువ అన్నది ప్రశ్నే కాదు. ఇద్దరి కాళ్లు ఎటు నడిచాయన్నదే ప్రశ్న.

ఇద్దరు కుమారుల ఉపమానంలో, ద్రాక్షతోటకు వెళ్లనన్న కొడుకు విషయంలోనూ మత్తయి ఆ రెండో గ్రీకు మాటే వాడాడు (21:29). అయితే అక్కడ ఆ కుర్రాడి కథ మంచిగానే ముగిసింది. ఎందుకంటే మనసు నొచ్చుకున్నాక అతడు లేచి తోటకు వెళ్లాడు. కాబట్టి బాధపడటం తప్పని బైబిల్ ఎక్కడా చెప్పదు. దేవుని చిత్తానుసారమైన దుఃఖం మారుమనస్సు దాకా నడిపిస్తుందనీ, లోక సంబంధమైన దుఃఖం మరణం దగ్గర వదిలేస్తుందనీ పౌలు స్పష్టంగా తేల్చాడు (2 కొరింథీ 7:10). దుఃఖం దారి మాత్రమే, చేరవలసిన ఊరు కాదు.

పాత నిబంధన ఈ విషయాన్ని ఇంకా తేలిక మాటలో చెప్పింది. ప్రవక్తలు ఇశ్రాయేలును పిలవడానికి వాడిన హెబ్రీ మాట ‘షూబ్’. తిరగడం, తిరిగి రావడం అని దాని అర్థం. ఇది ఏదో మత పరిభాష కాదు. ఊరెళ్లినవాడు ఇంటికి తిరిగొస్తే ‘షూబ్’, మందనుంచి తప్పిపోయిన ఎద్దు మళ్లీ దొడ్డికొస్తే ‘షూబ్’. పాత నిబంధనలో ఇది వెయ్యిసార్లకు పైగా కనబడుతుంది. మోయాబు నుంచి నయోమి బేత్లెహేముకు తిరిగొచ్చిన కథ చెప్పే రూతు మొదటి అధ్యాయంలో పదేపదే వినబడేది ఈ మాటే. దారి తప్పినవాడు తిరిగి రాకుండా ఉంటాడా అని దేవుడు యిర్మీయా చేత అడిగించింది ఈ మాటతోనే (యిర్మీయా 8:4). బట్టలు చించుకోవడం కాదు, హృదయాలు చించుకుని తిరిగి రమ్మని యోవేలు పిలిచిందీ ఈ మాటతోనే (యోవేలు 2:12, 13).

మన తెలుగు మాట, మన తీరం

ఇంగ్లిష్‌లో ఒక్క ‘రిపెంట్’ మోస్తున్న బరువుకు తెలుగులో మూడు మాటలున్నాయి. మొదటిది పశ్చాత్తాపం. ‘పశ్చాత్’ అంటే తరువాత, ‘తాపం’ అంటే వేడి, మంట. పని జరిగిపోయాక లోపల పుట్టే మంట అది. రెండోది ప్రాయశ్చిత్తం. చేసిన పాపానికి చెల్లించుకునే మూల్యం అది. మూడోది మారుమనస్సు. లాటిన్ మొదటి రెంటి దగ్గర ఆగిపోయింది. గ్రీకు, హెబ్రీ మాత్రం మూడోదాని దాకా వెళ్లాయి. మంట ఎంత పెద్దదైనా కొంతకాలానికి చల్లారుతుంది. మూల్యం ఎంత చెల్లించినా మనిషి పాత మనిషిగానే మిగిలిపోవచ్చు. మనసు మారితేనే మనిషి మారతాడు.

‘మారు’ అన్న మన మాటను కూడా గమనించండి. మారుపేరు, మారువేషం, మారుబట్టలు అంటాం. ఇవన్నీ పైపైన మారేవే. వేషం మార్చుకున్నవాడు ఎప్పుడు కావాలంటే అప్పుడు పాత వేషంలోకి వెళ్లగలడు. బాప్తిస్మంలో పేరు మార్చుకుని, ఆదివారం తెల్లబట్టలు కట్టుకుని, ప్రార్థనలో గొంతు మార్చుకుని, మనసు మాత్రం ఉన్నచోటే ఉంచుకుంటే దాన్ని మారువేషమనే అనాలి. మన బైబిల్ అడిగేది మారువేషం కాదు, మారుమనస్సు!

మన భాషలో దేవుని వాక్యం కోసం పడిన తొలి శ్రమల్లో మన ఉత్తరాంధ్ర తీరానికి ప్రత్యేక స్థానముంది. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ విశ్వాసి వారికి తోడై అనువాదంలో సాయపడ్డాడు. 1809లో క్రాన్, 1810లో డి గ్రాంజెస్ కన్నుమూశారు. తమ చేతిరాత అచ్చులో చూసుకునే భాగ్యం ఇద్దరికీ దక్కలేదు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్ అచ్చుశాలలో తెలుగులో వెలువడ్డాయి. వారి వెనక ఎడ్వర్డ్ ప్రిచెట్ ఆ పని కొనసాగించాడు. ఆ తరువాత ఎన్నో తరాల అనువాదకులు, పండితులు దిద్దుతూ, మెరుగుపెడుతూ వచ్చిన శ్రమ ఫలమే ఇవాళ మన ఒడిలో ఉన్న బైబిల్.

మారుమనస్సుకు మన విజయనగరం జంక్షన్‌లోనే మంచి ఉదాహరణ దొరుకుతుంది. విశాఖ వెళ్లాల్సిన మనిషి తొందరలో రాయగడ వైపు వెళ్లే రైలెక్కాడనుకోండి. గజపతినగరం దాటాక పక్కవాళ్లు చెబితే పొరపాటు తెలిసింది. అయ్యో అని తలకొట్టుకున్నాడు, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అది పశ్చాత్తాపం. టీసీ వస్తే జరిమానా కట్టాడు. అది ప్రాయశ్చిత్తం. ఇంత జరిగినా సీట్లోంచి లేవకపోతే ఏమవుతుంది? ఏడుస్తూ ఏడుస్తూనే బొబ్బిలి వస్తుంది, పార్వతీపురం వస్తుంది. జరిమానా రసీదు జేబులో ఉంటుంది, రైలు మాత్రం విశాఖకు దూరమవుతూనే ఉంటుంది. వచ్చే స్టేషన్‌లో దిగి, అవతలి ప్లాట్‌ఫాం మీదికి నడిచి, తిరుగు రైలు ఎక్కడమే మారుమనస్సు.

సయాం వెళ్లినవారు మన దగ్గరికొచ్చారు

తిరుగుదారి పట్టడం గురించి మాట్లాడుకుంటున్నాం కాబట్టి మన జిల్లాల సంఘచరిత్రలోని ఒక మలుపును కూడా గుర్తుచేసుకోవాలి. శ్రీకాకుళం, బొబ్బిలి, భీమిలి ప్రాంతాల్లో కెనడా బాప్టిస్టు మిషన్ ఎంత సేవ చేసిందో ఇక్కడి సంఘాలకు తెలుసు. అయితే కెనడా తూర్పు తీరంలోని మారిటైం రాష్ట్రాల బాప్టిస్టు సంఘాలు ఆ మిషనరీలను మొదట పంపింది మన దగ్గరికి కాదు! 1873లో వాళ్లు బయలుదేరింది సయాం దేశంలోని కరెన్ జాతివారి కోసం. సయాం అంటే ఇవాళ థాయ్‌లాండ్ అని పిలుస్తున్న దేశమే.

బర్మా మీదుగా సయాం వెళ్లి, ఆ అడవి దారుల్లో తిరిగి చూశాక, తాము అనుకున్నంతమంది కరెన్లు అక్కడ లేరని వాళ్లకు అర్థమైంది. అప్పుడేం చేయాలి? సొంత సంఘాలు సయాం పేరు చెప్పి కానుకలు పోగుచేశాయి, సయాం పేరు చెప్పి ప్రార్థించాయి. పట్టుదలకు పోయి అక్కడే ఉండిపోవచ్చు. సిగ్గుపడి ఇంటికి వెళ్లిపోవచ్చు. వాళ్లు ఆ రెండూ చేయలేదు. అప్పటికే 1874లో కెనడాకే చెందిన జాన్ మెక్‌లారిన్ కాకినాడలో పని ప్రారంభించాడు. తెలుగు ప్రజల అవసరం గురించి అక్కడి నుంచి పిలుపు వచ్చింది. 1875లో వాళ్లు ముఖం ఇటు తిప్పారు. అలా రూఫస్ శాన్‌ఫర్డ్, జార్జ్ చర్చిల్, విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ కుటుంబాలు మన తీరానికి చేరాయి. ఆర్మ్‌స్ట్రాంగ్ భార్య మరియా నారిస్, కెనడాలో స్త్రీల మిషనరీ సమాజాల స్థాపనకు దారితీసిన స్త్రీ. చర్చిల్ దంపతులు బొబ్బిలిలో ఏళ్ల తరబడి సేవ చేశారు. వాళ్లు చేసింది పాపమేమీ కాదు, కాబట్టి అది పాపం నుంచి మరలడం కాదు. కానీ సత్యం తెలిశాక ఆలోచన మార్చుకోవడం, ఆలోచన మారాక కాళ్ల దిశ మార్చడం ఎలా ఉంటుందో వాళ్ల ప్రయాణం మనకు చూపిస్తుంది. వాళ్లు తిరగకపోయి ఉంటే మన ప్రాంతపు సంఘచరిత్ర మరోలా ఉండేది!

వాళ్లు వదిలి వచ్చిన ఆ సయాం భాషలో ‘రిపెంట్’కు ఏమంటారో తెలుసుకుంటే ఆశ్చర్యం కలుగుతుంది. సయాం భాషలో క్రైస్తవ బోధ అచ్చయిన తొలి నాళ్లలోనూ ఆ శ్రీరాంపూర్ అచ్చుశాలకు పాత్ర ఉంది. బర్మాలో సేవచేసిన ఆన్ జడ్సన్ తయారుచేసిన సయామీ ప్రశ్నోత్తరి 1819లో అక్కడే అచ్చయింది. 1843లో జాన్ టేలర్ జోన్స్ గ్రీకు నుంచి కొత్త నిబంధనను ఆ భాషలోకి తేవడం పూర్తిచేశాడు.

థాయ్ భాషలో మనసును ‘చై’ అంటారు. దాని చుట్టూ ఆ భాష అల్లుకున్న మాటలు ఎంతో ముచ్చటగా ఉంటాయి. ‘డీ చై’ అంటే మంచి మనసు, అంటే సంతోషం. ‘ఖావ్ చై’ అంటే మనసులోకి ప్రవేశించడం, అంటే అర్థంకావడం. ‘సియ చై’ అంటే మనసు చెడటం, అంటే బాధ, విచారం. ఇది మన పశ్చాత్తాపానికి దగ్గరి మాట. కానీ థాయ్ బైబిల్ యోహాను నోట పెట్టింది ఆ మాట కాదు. అక్కడున్నది ‘క్లప్ చై’. ‘క్లప్’ అంటే తిరిగి రావడం. మనసు వెనక్కి తిరిగి రావడమన్నమాట! పని ముగించుకుని ఇంటికి బయలుదేరే థాయ్ మనిషి ‘క్లప్ బాన్’ అంటాడు. ‘బాన్’ అంటే ఇల్లు. ఇంటికి తిరిగి వెళ్లడానికీ, దేవుని వైపు తిరగడానికీ వాళ్లు వాడేది ఒకే క్రియ. యిర్మీయా, యోవేలుల ‘షూబ్’ వేల మైళ్ల అవతల మరో భాషలో మళ్లీ వినబడినట్టు లేదూ!

క్షమాపణకు వాళ్లు వాడే మాట కూడా చూడండి. మన ‘దోషం’ థాయ్‌లో ‘థోత్’ అయింది. మన ‘పాపం’ అక్కడ ‘బాప్’ అయింది. ‘క్షమించడం’ అనడానికి వాళ్లు ‘యోక్ థోత్’ అంటారు, అంటే దోషాన్ని ఎత్తివేయడం. హెబ్రీ భాషలో కూడా క్షమించడానికి వాడే ఒక మాటకు మూలార్థం ఎత్తడం, మోయడమే. తిరిగి రావడం మనవంతు, మన దోషాన్ని ఎత్తుకోవడం ఆయనవంతు. లోకపాపాన్ని మోసుకుపోయే గొర్రెపిల్ల అని యేసును చూపించి యోహాను సాక్ష్యమిచ్చింది ఈ సంగతే (యోహాను 1:29).

ఇంటికి తిరిగి వచ్చే దారి

ఇంటికి తిరిగి రావడం అంటే ఏమిటో మన జిల్లాలవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పొట్ట చేతపట్టుకుని హైదరాబాదు, చెన్నై లాంటి దూరప్రాంతాలకు వలసపోయిన బిడ్డల కోసం పండగ పూట వీధి అరుగు మీద కూర్చుని ఎదురుచూసే తండ్రులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. లూకా 15లో దూరదేశం వెళ్లిన కొడుకు పందుల దగ్గర కూర్చుని బాధపడినంతసేపూ ఇంటికి ఒక్క అడుగు కూడా దగ్గర కాలేదు. బుద్ధి వచ్చి లేచాడు, నడిచాడు. ఇంకా దూరంగా ఉండగానే తండ్రి చూసి పరుగెత్తాడు. కొడుకు దారిపొడవునా కూడబలుక్కున్న మాటలు పూర్తికాకముందే తండ్రి మంచి వస్త్రం తెమ్మన్నాడు. కూలివాడిగా పెట్టుకోమన్న అభ్యర్థన, అంటే కొడుకు అనుకున్న ప్రాయశ్చిత్తం, నోట్లోనే ఆగిపోయింది!

పాత పాపం తలచుకుని నిద్రపట్టని తల్లికి ఈ వాక్యమే జవాబు. అమ్మా, నువ్వు ఎప్పుడో తిరిగి వచ్చేశావు. నీ తండ్రి నీ కన్నీళ్లను తూకం వేయడం లేదు, నువ్వు ఇంట్లో ఉన్నందుకు సంతోషిస్తున్నాడు. నువ్వింకా గుమ్మం బయటే నిలబడి ఏడుస్తూ ఉంటే ఆయన పెట్టిన విందు చల్లారిపోతుంది. మారుమనస్సుకు మనల్ని నడిపించేది దేవుని దయేనని పౌలు చెప్పాడు (రోమా 2:4). ఆ దయ నీ పాపం కంటే ముందు నుంచీ ఉంది.

ఉజ్జీవ కూటంలో ఏడ్చి తెల్లారి కూలి ఎగ్గొట్టే పెద్దమనిషికి కూడా వాక్యం దగ్గర జవాబుంది. మారుమనస్సుకు తగిన ఫలాలు ఫలించమని యోహాను గద్దించినప్పుడు జనం ఏం చేయాలని అడిగారు. యోహాను వాళ్లను ఇంకాసేపు ఏడవమనలేదు. రెండు అంగీలున్నవాడిని లేనివాడికి ఒకటి ఇమ్మన్నాడు. సుంకరులను లెక్కకు మించి వసూలు చేయవద్దన్నాడు. సిపాయిలను బెదిరించి లాక్కోవద్దనీ, తమ జీతంతో తృప్తిపడమనీ అన్నాడు (లూకా 3:10-14). అంగీ, పన్ను, జీతం... మారుమనస్సు గురించి అడిగితే యోహాను మాట్లాడిందంతా ఇంటి పెట్టె గురించి, డబ్బు సంచి గురించే!

జక్కయ్య సంగతీ అంతే. అతడు ఏడ్చాడని లూకా ఎక్కడా రాయలేదు. ఆస్తిలో సగం పేదలకు ఇస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు (లూకా 19:8). ఒక్క విషయం మాత్రం మరచిపోకూడదు. జక్కయ్య డబ్బిచ్చాడు కాబట్టి ప్రభువు అతని ఇంటికి రాలేదు. ప్రభువు వస్తానన్నాడు కాబట్టి జక్కయ్య చేయి విప్పింది. తిరిగి ఇచ్చేయడం రక్షణకు ధర కాదు, రక్షణ వచ్చిన ఇంట్లో కాసే కాయ.

కాబట్టి ప్రియులారా, మనలో ఎవరికి వారు వేసుకోవలసిన ప్రశ్న, ‘నేను ఎంత ఏడ్చాను?’ అన్నది కాదు, ‘నేను ఎటు తిరిగాను?’ అన్నది. అన్నదమ్ముల మధ్య జరిపిన పొలం గట్టు మళ్లీ దాని పాత చోటికి వెళ్లిందా? పనివాళ్లకు ఆపిన కూలి వాళ్ల చేతికి చేరిందా? కోడలి పుట్టింటివాళ్లను కట్నం బాకీ పేరుతో పీడించడం ఆగిందా? మాటలు మానేసిన పొరుగింటి గుమ్మం ఎక్కామా? అర్పణ బలిపీఠం దగ్గరే విడిచిపెట్టి ముందు సహోదరుడితో సమాధానపడమని ప్రభువే చెప్పాడు (మత్తయి 5:23, 24). బల్లారాధనకు ముందు మోకాళ్లూని చేసే ప్రార్థన మంచిదే. ఆ మోకాళ్లే లేచి, ఆ సాయంత్రం ఒక గుమ్మం దాకా నడిస్తే ఆ ప్రార్థన పూర్తవుతుంది.

‘షూబ్’ అన్నా, ‘మెటానోయియా’ అన్నా, ‘క్లప్ చై’ అన్నా, ‘మారుమనస్సు’ అన్నా పిలుస్తున్నవాడు ఒక్కడే. తప్పు రైల్లో ఎంత దూరం వచ్చేశామన్నది ఆయన అడగడు. వచ్చే స్టేషన్‌లో దిగమనే అడుగుతాడు. తిరుగుదారిలో మొదటి అడుగు వేసినవాడికి తండ్రి ఇల్లు ఎప్పుడూ దూరం కాదు!